ఆటలో అలెగ్జాండ్రియా లైట్‌హౌస్: చరిత్ర అనాలా, ఊహ అనాలా?

పాత_పలక (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్ అనే వీడియో గేమ్ 2017లో వచ్చింది. ఇక్కడ చాలామంది ఆడే ఉంటారు. క్లియోపాత్రా, సీజర్‌ల కాలం నాటి ఈజిప్టు కథ. అందులో అలెగ్జాండ్రియా రేవు దగ్గర, పాతకాలపు ఏడు వింతల్లో ఒకటైన ఫారోస్ లైట్‌హౌస్‌ని నిలబెట్టారు. దూరం నుంచే కనపడుతుంది, గోడలు పట్టుకుని పైదాకా ఎక్కొచ్చు.

నా అభ్యంతరం ఒక్కటే. ఆ కట్టడాన్ని ఇవాళ బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. 956, 1303, 1323 భూకంపాల్లో విడతలు విడతలుగా దెబ్బతింది. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1326లో వెళ్ళేసరికి ఒక వైపు పడిపోయి ఉంది. 1349లో మళ్ళీ వెళ్తే లోపలికి అడుగు పెట్టే వీలే లేదట. 1477లో సుల్తాన్ ఖైత్‌బే ఆ చోటనే కోట మొదలుపెట్టాడు. ఇప్పుడు మనకు మిగిలినవి నాణేల మీద బొమ్మలు, పుస్తకాల్లో వర్ణనలు, సముద్రం అడుగున రాళ్ళు. అలాంటిదాన్ని రాయి రాయీ తెలిసినట్టు చూపిస్తే పిల్లలు అదే నిజమనుకుంటారు. ఊహించిన చోటల్లా "ఇది మా ఊహ" అని తెర మీద రాయాలి. రాయకపోతే మోసం కిందే లెక్క. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్

మాస్టారూ, అదే ఆటలో హీరో అంత ఎత్తు నుంచి గడ్డిలోకి దూకి బట్టలు దులుపుకుని లేస్తాడు. దానికీ బోర్డు పెట్టాలా?

పాలిగాన్_పిల్లోడు

నేను హైదరాబాద్‌లో గేమ్ ఆర్టిస్టుని. కొండలు, కోటలు, ఇళ్ళు 3డీలో కట్టడమే నా పని. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

"ఊహ" అని ఒక్క మాటలో కొట్టిపారేయకండి. కింద చతురస్రం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. ఈ మూడంతస్తుల లెక్క ఆట వాళ్ళు కలగని తెచ్చింది కాదు. రోమన్ చక్రవర్తి డొమిషియన్ కాలం నుంచి అలెగ్జాండ్రియాలో కొట్టిన నాణేల మీద ఈ టవర్ ఉంది. మూలల్లో శంఖం ఊదే ట్రైటన్లు, అంటే గ్రీకుల సముద్ర దేవతలు, కూడా ఉన్నాయి. 12వ శతాబ్దంలో అండలూసియా నుంచి అల్ బలవీ అనే ఆయన వచ్చి లోపలికెక్కి కొలతలు రాసుకున్నాడు. గుర్రం ఎక్కేంత వాలుదారి ఉందన్నాడు, పైన చిన్న మసీదు ఉందన్నాడు. ఇవన్నీ కలిపి 1909లో హెర్మన్ థియర్ష్ అనే జర్మన్ పండితుడు పెద్ద పుస్తకం వేసి బొమ్మలు గీశాడు. ఆ తర్వాత ఎవరు గీసినా చాలావరకు ఆయన వెనకాలే నడిచారు.

మీ స్కూల్లో ఏడు వింతల చార్టు ఉండే ఉంటుంది కదా, పుస్తకాల షాపులో అమ్మేది. దాని మీద ఫారోస్ బొమ్మ కింద "ఊహాచిత్రం" అని ఎక్కడైనా రాసుందా? అన్నేళ్ళు ఆ చార్టు గోడకుంటే మోసం కాలేదు గానీ, ఆటలోకి రాగానే మోసమైందా?

చుక్కాని

నాకు ఒక్కటే సందేహం. ఆ మంటకు కట్టెలెక్కడివి?

గోదారి_గట్టు

ముందు ఒక మాట. అది "దీపస్తంభం" కాదా? లైట్‌హౌస్ అని ఇంగ్లీషు ఎందుకు?

నైట్‌షిఫ్ట్

దీపస్తంభమంటే మా ఊళ్ళో గుడి ముందుండేది అన్నా. కార్తీకమాసంలో దానికే దీపం పెడతాం. ఓడలు రావు.

డాలస్_బావ

నేను అలెగ్జాండ్రియా వెళ్ళొచ్చాను. పిల్లలకు ప్రపంచ వింత చూపిస్తానని కైరో నుంచి పనిగట్టుకుని తీసుకెళ్ళాను. కారు ఖైత్‌బే కోట ముందు ఆగింది. "లైట్‌హౌస్ ఏది?" అంటే గైడు కోట గోడలో ఉన్న ఎర్ర గ్రానైటు ముక్కలు చూపించి "ఇదే" అన్నాడు. మా చిన్నోడు ఆ ముక్క మీద చెయ్యి పెట్టి నా మొహం చూశాడు. అంత డబ్బు పోసి వెళ్ళింది గోడ చూడ్డానికా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇంటికొచ్చాక ఆ ఆట కొన్నాను. సాయంత్రం వెలుగులో రేవు మీద ఆ టవర్ కనపడగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఊహైతే ఊహే. నాకు దక్కింది అదొక్కటే.

పాత_పలక

డాలస్_బావ గారూ, మీకు కళ్ళు చెమర్చాయి కాబట్టి అది నిజమైపోదు.

పిల్లోడు గారూ, చార్టు సంగతి ఒప్పుకుంటాను, అదీ తప్పే. కానీ చార్టు మీద బొమ్మ బొటనవేలంత ఉంటుంది, దాన్ని ఎవరూ ఎక్కలేరు. మీరు తలుపు పెట్టారు, మెట్టు పెట్టారు, శిఖరాన విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం ఎవరిది? క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి పొసిడిప్పస్ ఫారోస్ మీద రాసిన చిన్న పద్యంలో రక్షకుడైన గ్రీకు దేవుడు జ్యూస్ పేరుంది. కొందరు సముద్ర దేవుడు పొసైడన్ అంటారు, కొందరు సూర్య దేవుడు హీలియోస్ అంటారు. పండితులు నూరేళ్ళుగా కొట్టుకుంటున్నారు, ఆటలో మాత్రం ఒక్క విగ్రహం కదలకుండా నిలబడి ఉంటుంది. ఎవరు తేల్చారు? జీతం తీసుకునే ఒక ఆర్టిస్టు. అది మంగళవారం తేల్చాడో బుధవారం తేల్చాడో కూడా మనకు తెలీదు.

చుక్కాని

విగ్రహం సంగతి తర్వాత. ఈజిప్టులో అడవులు లేవు. మంచి కలప కావాలంటే లెబనాన్ నుంచి తెచ్చుకునేవాళ్ళు. వంద మీటర్ల పైన రాత్రంతా మంట. రోజుకెన్ని మోపులు? ఎవరు మోశారు?

పాలిగాన్_పిల్లోడు

మంగళవారమో బుధవారమో అన్నారు కాబట్టి చెప్తున్నా. ఈ టవర్ లాంటి ఒక్క కట్టడానికి వారాలు పడుతుంది. రాయి రంగు ఏదో తేల్చడానికే మూడు రోజులు. పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో తెల్లరాయి అన్నాడు. 1994లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ ఈవ్ ఆంప్రూర్ బృందం కోట పక్కన నీళ్ళలో దిగితే దొరికిన పెద్ద దిమ్మలేమో ఆస్వాన్ గ్రానైటు, డెబ్భై టన్నుల దాకా బరువున్నవి. మరి గోడంతా తెల్లగా ఉందా? తలుపు చట్రాలు మాత్రం ఎర్రగా ఉన్నాయా? మీరు క్లాసులో "కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు" అని చెప్పేసి బెల్లు కొట్టగానే వెళ్ళిపోవచ్చు. నేను వెళ్ళలేను. రంగు ఏదో ఒకటి వెయ్యాల్సిందే.

పైగా ఆ ఆట తీసిన కంపెనీ 2018 ఫిబ్రవరిలో డిస్కవరీ టూర్ అని విడిగా ఇచ్చింది. కత్తులు లేవు, చంపుకోవడాలు లేవు, నడుస్తూ వింటూ తెలుసుకోవడమే. బళ్ళో ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి కూర్చున్నట్టు చూపించి, చరిత్రలో అలా లేదు, మేమే కావాలని పెట్టామని అందులోనే చెప్పారు. ఇంతకంటే నిజాయితీ ఏం కావాలి?

పాత_పలక

అసలు ఆటలో చెప్పారా? టూర్‌లో చెప్పారు. టూర్ ఎంతమంది చూస్తారు? హోటల్లో పప్పు ముందు వడ్డించి, అందులో ఏం పడిందో వంటగది గోడ మీద రాసినట్టుంది.

అదే కంపెనీ 2014లో ఫ్రెంచి విప్లవం మీద ఆట తీసింది. అందులో నోట్రడామ్ చర్చికి 19వ శతాబ్దంలో పెట్టిన శిఖరాన్ని 18వ శతాబ్దపు పారిస్‌లో పెట్టారు. ఎందుకంటే జనం కళ్ళకు అది అలవాటు. 2019లో ఆ చర్చి కాలినప్పుడు, ఈ ఆటలోని మోడల్ చూసే మళ్ళీ కడతారని వాట్సాప్‌లో తెగ తిరిగింది. మా స్టాఫ్‌రూమ్‌లో నలుగురు నాకే పంపారు. అసలు ఆండ్రూ టాలన్ అనే ఆచార్యుడు ఎప్పుడో లేజర్‌తో ఆ చర్చినంతా కొలిచి పెట్టాడు. ఆయన పేరు ఒక్కరికీ తెలీదు. భయం అదీ నాది.

గోదారి_గట్టు

ఇన్ని చెప్తున్నారు, మన సంగతి ఒక్కరూ ఎత్తరేం? అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలమీ అనే పండితుడు రాసిన భూగోళంలో కంటకస్సిల రేవు ఉంది. అది మన కృష్ణా జిల్లా ఘంటసాలే అంటారు. శాతవాహన పులుమావి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. ఆ కాలం కథతో ఆట ఎవరూ తీయరా?

అడ్మిన్

మంచి విషయమే, కానీ దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఫారోస్ వరకే.

డాలస్_బావ

ఒక చిన్న ప్రశ్న. క్లియోపాత్రా రోజుల్లో అసలు ఆ టవర్ మీద మంట ఉండేదా? మొదట్లో పగటి గుర్తు మాత్రమే, మంట రోమన్ల కాలంలో మొదలైందని ఎక్కడో చదివాను.

పాత_పలక

అలా అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఇందాక చెప్పిన పొసిడిప్పస్ పద్యం టవర్ కట్టిన కాలానిదే, అంటే క్రీ.పూ. 280 ప్రాంతం. రాత్రంతా అలల మీద పరుగెత్తే నావికుడికి కొస నుంచి మండే పెద్ద మంట కనపడుతుందని అందులో ఉంది. తర్వాత రోమన్ రచయిత ప్లినీ, ఆగకుండా మండడం వల్ల దూరం నుంచి చుక్క అనుకునే ప్రమాదం ఉందని రాశాడు. యూదు చరిత్రకారుడు జోసిఫస్ 300 స్టేడియాల దూరం కనపడుతుందన్నాడు, అంటే ఇంచుమించు 55 కిలోమీటర్లు. మంట ఉంది. ఈ ఒక్క విషయంలో ఆటను తప్పుపట్టను.

ఆటలో పాత్రగా కనిపించే సీజరే అలెగ్జాండ్రియా యుద్ధంలో ఫారోస్‌ని పట్టుకున్నాడు. తన పుస్తకంలో దాని గురించి ఏం రాశాడంటే, చాలా ఎత్తైన గోపురం, అద్భుతమైన పనితనం, ద్వీపం పేరే దానికి వచ్చింది. అంతే. కళ్ళారా చూసినవాడు రాసింది అంత. చూడనివాళ్ళు మెట్లు లెక్కపెట్టి చూపిస్తున్నారు.

పాలిగాన్_పిల్లోడు

అదే మాస్టారూ మీతో వచ్చిన చిక్కు. సీజర్ రెండు ముక్కలు రాశాడు కాబట్టి మనమూ రెండు ముక్కలతో సరిపెట్టుకోవాలి. నా ఎనిమిదో తరగతిలో మా సోషల్ సార్ అదే చేశారు. "ఏడు వింతలు రాసుకోండి" అన్నారు. ఆరో నంబరు, అలెగ్జాండ్రియా దీపస్తంభం. ఎక్కడుందని అడిగితే "పరీక్షకు పేరు చాలు కూర్చో" అన్నారు. పదేళ్ళ తర్వాత ఆట వచ్చింది. ఆ టవర్ ఎక్కాకే ఫారోస్ ఒక ద్వీపమనీ, ఒడ్డు నుంచి దానిదాకా ఏడు స్టేడియాల కట్ట వేశారనీ తెలిసింది. మీ టీచర్లు చంపేసిన పాఠాన్ని మేం బతికించాం. దానికి మీరు మమ్మల్ని మోసగాళ్ళంటారు.

పాత_పలక

బాబూ, నువ్వు ఎవరినో చూసి నన్ను అంటున్నావు. బొమ్మలేసి డబ్బులు తీసుకునేవాళ్ళు పాఠాల గురించి మాట్లాడక్కర్లేదు.

పాలిగాన్_పిల్లోడు

మీరు ఉచితంగా చెప్తున్నారా?

నైట్‌షిఫ్ట్

టీ తెచ్చుకుంటా, ఆగండి.

అడ్మిన్

ఇద్దరూ తగ్గండి. ఇంకోసారి ఇలా అయితే చర్చ మూసేస్తాను.

పాత_పలక

మూయక్కర్లేదు, నేనే చెప్పేస్తాను.

ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు స్కూళ్ళలో సోషల్ చెప్తున్నాను. ఏడు వింతల పాఠం వచ్చినప్పుడల్లా ఫారోస్‌ని బోర్డు మీద సుద్దముక్కతో గీస్తాను. కింద చతురస్రం, దాని మీద ఎనిమిది పలకలు, దాని మీద గుండ్రం. సాక్ష్యం ఉన్నచోట నిండు గీత. తెలియని చోట చుక్కల గీత. తలుపు ఎంత ఎత్తున ఉందో, లోపలి గదులెలా ఉన్నాయో, పైన దేవుడెవరో, అంతా చుక్కలే. పిల్లలు అక్కడే అడుగుతారు, "సార్, చుక్కలెందుకు?" అని. నా పాఠం అక్కడ మొదలయ్యేది.

పోయిన ఏడు యాజమాన్యం పెద్ద స్క్రీన్ కొంది. ఈ ఆట టూర్ వీడియో ఇరవై నిమిషాలు వేసి పాఠం ముగించమన్నారు. "మీరు పక్కన నిలబడితే చాలు సార్" అన్నారు. వేశాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు, అబద్ధమెందుకు. అయిపోయాక అలవాటుగా బోర్డు దగ్గరికెళ్ళి గీయడం మొదలుపెట్టాను. ముందు బెంచీ పిల్లాడు, మంచి పిల్లాడే, "సార్, చుక్కలెందుకు, మొత్తం కనపడింది కదా" అన్నాడు. అడిగింది పాత ప్రశ్నే. కానీ ఈసారి జవాబు కోసం అడగలేదు.

సుద్దముక్క అక్కడ పెట్టేసి వచ్చి కూర్చున్నాను. "ఇది మా ఊహ" అని తెర మీద రాయమని నేను అడిగేది ఆ చుక్కల గీత కోసమే.

డాలస్_బావ

మాస్టారూ, ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

పాలిగాన్_పిల్లోడు

సారీ సార్. మా సార్ మీద కోపం మీ మీద చూపించాను.

కానీ చుక్కల గీత మాత్రం నా వల్ల కాదు, ఎందుకో కూడా చెప్తాను. 3డీలో అంచు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సగం ఉన్న గోడ మీద ఆటగాడు చెయ్యి వెయ్యలేడు, జారి పడిపోతాడు. టెస్టింగ్ వాళ్ళు దాన్ని తప్పు కింద రాసి వెనక్కి పంపుతారు. తెలియనిచోట ఖాళీ వదలడం మీ బోర్డు మీద కుదురుతుంది, నా తెర మీద కంత అంటారు.

నా గొడవ కూడా చెప్పేస్తాను. 2021లో ఒక మొబైల్ గేమ్‌కి పాతకాలపు లైట్‌హౌస్ చేశాను. కంపెనీ పేరు చెప్పను. ఆరు వారాలు కూర్చున్నాను. ఎనిమిది పలకల అంతస్తులో ఒక పలకకు సముద్రపు గాలి కొట్టి రాయి గరుకుగా అయినట్టు చెక్కాను, మిగతా ఏడూ నున్నగా ఉంటాయి. టీమ్ లీడ్ వచ్చి "ఎత్తు రెట్టింపు చెయ్, మెరుపు పెంచు" అన్నాడు. చేశాను. విడుదలయ్యాక పేర్ల పట్టికలో పైవాళ్ళంతా ఉన్నారు. నా పేరు లేదు. కాంట్రాక్టు మనిషినట. ఇప్పుడు మీరొచ్చి "ఊహ" అని బోర్డు పెట్టమంటున్నారు. నా పేరు పెట్టడానికి లేని చోటు దానికి ఉంటుందా?

పాత_పలక

బాబూ, ఈ టవర్ గురించే ఒక కథ ఉంది, నీకు చెప్పాలి. కట్టించింది ఈజిప్టునేలిన టాలమీ రాజులు. కట్టినవాడో, డబ్బు పెట్టి అంకితమిచ్చినవాడో, నైడస్ ఊరి సోస్ట్రేటస్. లూసియన్ అనే రచయిత చెప్పేదేమిటంటే, సోస్ట్రేటస్ రాతి మీద తన పేరు చెక్కి, దాని మీద గచ్చు పూసి, గచ్చు మీద రాజు పేరు రాశాడట. కొన్నాళ్ళకు గచ్చు రాలిపోయింది. రాజు పేరు దాంతోపాటే పోయింది.

పాలిగాన్_పిల్లోడు

సార్.

నా మోడల్లో రెండో మెట్టు రాయి అడుగున నా పేరుంది. కెమెరా అక్కడికి వెళ్ళదు. ఈ కథ తెలియకుండానే చేశాను.

నైట్‌షిఫ్ట్

గచ్చు రాలేదాకా ఆగాలన్నమాట.

పాత_పలక

కానీ ఒకటి. ప్లినీ దీనికి తలకిందులుగా చెప్తాడు. సోస్ట్రేటస్ పేరు చెక్కుకోవడానికి టాలమీ పెద్దమనసుతో ఒప్పుకున్నాడని, 800 టాలెంట్లు (ఆనాటి డబ్బు లెక్క) ఖర్చయిందని రాశాడు. లూసియన్ ప్లినీ తర్వాతివాడు, కథలల్లడంలో దిట్ట. కాబట్టి గచ్చు కథ కూడా చుక్కల గీతే. నీకు నచ్చింది కదా అని నిండు గీత చెయ్యకు.

పాలిగాన్_పిల్లోడు

చెయ్యను. కానీ బోర్డు పెట్టడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

పాత_పలక

నేనూ వదలను.

చుక్కాని

అందరూ అయిపోయారా? నా కట్టెల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఎగతాళికి అడగలేదు నేను.

మా తాత సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్‌లో పనిచేశాడు. కరెంటు దీపం రాకముందు సంగతి. కిరసనాయిలు ఆవిరితో వెలిగే దీపం, పెట్రోమాక్స్ లాగా మ్యాంటిల్ ఉండేది, గాలి కొట్టాలి. అద్దాల చట్రం గుండ్రంగా తిరగడానికి బరువు వేలాడేది. గడియారానికి కీ ఇచ్చినట్టు దాన్ని చేత్తో తిప్పి పైకెక్కించాలి, రాత్రిళ్ళు లేచి మళ్ళీ తిప్పాలి. కిరసనాయిలు డబ్బా భుజాన వేసుకుని ఆ చుట్టుమెట్లు రోజూ సాయంత్రం ఎక్కేవాడు. ఎడమ భుజం చివరిదాకా కొంచెం కిందికే ఉండేది ఆయనకు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా వాసన పోయేది కాదని నానమ్మ అనేది.

ఆ ఆట నేనూ ఆడాను. పైకెక్కి చాలాసేపు కూర్చున్నాను. మంట ఉంది. దానికి ఏదన్నా మోసుకొచ్చే మనిషి నా కంటపడలేదు. మీరు గోడలు కొలుస్తున్నారు, విగ్రహం ఎవరిదని కొట్టుకుంటున్నారు, సోస్ట్రేటస్ పేరు గురించి బాధపడుతున్నారు. రోజూ ఆ వాలుదారిలో కట్టెలో, పేడో, నూనో ఎక్కించినవాళ్ళకు గచ్చు కింద కూడా పేరు లేదు.

పాత_పలక

ఇంధనం ఏదో తేల్చే ఆధారం లేదు చుక్కాని గారూ. కట్టెలన్నారు, పేడ అన్నారు, నేలనూనె అన్నారు. కానీ వాలుదారి ఉందంటే మోయడానికే ఉండాలి. అంతవరకు నిండు గీత గీస్తాను.

పాలిగాన్_పిల్లోడు

అన్నా, ఒకటి అడగనా? దీపం గదిలో పొగ మరక ఎక్కడ పట్టేది? గోడకా, పైకప్పుకా? రంగు నల్లగానా?

చుక్కాని

బాగా మండుతుంటే పొగ రాదు. వెలిగించేటప్పుడు వస్తుంది. పైన రేకు లోపలి వైపు, దీపానికి సరిగ్గా మీద కాదు, గాలి ఎటు తోస్తే అటు, పళ్ళెమంత మరక. నలుపు కాదు, టీ డికాషన్ రంగు. అద్దాల మీద పడిందంటే మాత్రం తాత రోజూ పొద్దున్నే పాత పంచె ముక్కతో తుడిచేవాడు.

పాలిగాన్_పిల్లోడు

పళ్ళెమంత, గాలి వైపు, డికాషన్ రంగు. రాసుకున్నాను.